హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: కలపడం సులువే, కడగడమే అసలు పని

హమ్మింగ్‌బర్డ్ అంటే గాలిలో నిలబడి పూల మకరందం తాగే బుల్లి పిట్ట. దానికోసం పంచదార నీళ్ళు పోసి ఇంటి బయట వేలాడదీసే పాత్రే ఫీడర్. ఆ నీళ్ళు కలిపే లెక్క ఒక్కటే: ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు. తూకంతో పనిలేదు, ఏ కప్పుతో పంచదార పోశారో అదే కప్పుతో నాలుగుసార్లు నీళ్ళు కొలవండి. అమెరికా కొలతల్లో కప్పు పంచదార సుమారు 200 గ్రాములు, నాలుగు కప్పుల నీళ్ళు 950 మిల్లీలీటర్లకి కాస్త తక్కువ. అంటే బరువు లెక్కన 17, 18 శాతం తీపి. ఈ పిట్టలు వెతుక్కుంటూ వెళ్ళే పూలలో మకరందం తీపి కూడా దాదాపు ఇంతే ఉంటుంది.

పంచదార మామూలు తెల్లదే వాడాలి. బ్రౌన్ షుగర్, బెల్లం, శుద్ధి చేయని ముడి చక్కెర ‘ఆరోగ్యం’ అనుకుని పోసేవాళ్ళున్నారు. వాటికి ఆ రంగునిచ్చే మడ్డిలో ఇనుము ఉంటుంది. హమ్మింగ్‌బర్డ్‌కి సహజంగా దొరికే తిండిలో ఇనుము చాలా తక్కువ, ఎక్కువైతే ఆ శరీరం బయటికి పంపలేక కాలేయంలో పేరుకుపోతుంది. తేనె పోయడం ఇంకా పెద్ద పొరపాటు: నీళ్ళు కలిపిన తేనె త్వరగా పులుస్తుంది, బూజు పడుతుంది. పొడి చేసిన పంచదారలో మొక్కజొన్న పిండి కలిసి ఉంటుంది. కృత్రిమ తీపిలో శక్తే లేదు, ఆకలితో వచ్చిన పిట్ట కడుపు నింపుకుని ఆకలితోనే వెళ్తుంది. ఇక ఎర్ర రంగు అస్సలు వద్దు. పిట్టని పిలవడానికి ఫీడర్ మీద ఉన్న ఎరుపు సరిపోతుంది, నీళ్ళలో ఎరుపు వల్ల దానికి ఒరిగేదేమీ లేదు.

కాచడం మీద చాలామందికి అనుమానం. మరిగించి తీరాల్సిన అవసరం లేదు, వేడి నీళ్ళలో పంచదార వేసి పూర్తిగా కరిగేదాకా కలిపితే చాలు. ఒక పొంగు రానిస్తే మాత్రం నీళ్ళు కొంచెం ఎక్కువకాలం నిలవుంటాయి. అక్కడితో పొయ్యి కట్టేయండి. పాకం పట్టినట్టు పొయ్యి మీద వదిలేస్తే నీళ్ళు ఆవిరై చిక్కబడుతుంది, మీరు జాగ్రత్తగా కొలిచిన లెక్క తప్పుతుంది. పూర్తిగా చల్లారాకే ఫీడర్‌లో పోయాలి. మిగిలింది శుభ్రమైన సీసాలో ఫ్రిజ్‌లో పెడితే వారం, పది రోజులు ఉంటుంది. తెల్లటి పోగులు కనిపించినా పులుపు వాసన వచ్చినా పారబోయడమే.

ఇక అసలు పని. ఎండలో వేలాడే పంచదార నీళ్ళు పులియడానికి ఎంతోసేపు పట్టదు, పైగా ప్రతి పిట్టా తన నాలుకతో కొంత సూక్ష్మజీవుల్ని అందులో దింపి వెళ్తుంది. 32 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో రోజూ మార్చాలి. 27 పైన ఉంటే రెండు రోజులకోసారి, 21 పైన ఉంటే మూడు రోజులకోసారి. చలిరోజుల్లో కూడా వారం దాటనివ్వకండి. లోపల సగం మిగిలిందని పైన కొత్తవి కలపడం చాలా ఇళ్ళలో జరిగేదే, అది పాత పెరుగులో కొత్త పాలు పోసినట్టు. మిగిలినవి పారబోసి, కడిగి, కొత్తవి పోయాలి.

కడిగేటప్పుడు చూడాల్సింది సీసా కాదు, కింది పూల ఆకారపు రంధ్రాలు. రంధ్రం లోపలి అంచున మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. పిట్ట ముక్కు సరిగ్గా దాన్నే రాసుకుంటూ లోపలికి వెళ్తుంది. వేడి నీళ్ళు, సన్నటి సీసా బ్రష్షు, రంధ్రాలకి పళ్ళ మధ్య తోముకునే బుల్లి బ్రష్షు ఉంటే రోజువారీ పని అయిపోతుంది. జిడ్డుగా ఉంటే ఒక వంతు వెనిగర్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి నానబెట్టండి. బూజు కనిపిస్తే గ్యాలన్ (సుమారు 3.8 లీటర్ల) నీళ్ళకి పావు కప్పు బ్లీచ్ కలిపి గంటసేపు నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ధారకింద కడిగి ఆరబెట్టాలి. బ్లీచ్, వెనిగర్ రెండూ ఒకేసారి వాడొద్దు, కలిస్తే విషవాయువు పుడుతుంది.

అందుకే ఫీడర్ కొనేటప్పుడు అందం కంటే విప్పి కడగడానికి ఎంత వీలుగా ఉందో చూడండి. తిరగేసిన సీసా రకం, పళ్ళెం రకం అని రెండున్నాయి. సీసా రకంలో పైన చిక్కుకున్న గాలి ఎండకి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆ ఒత్తిడికి రంధ్రాల్లోంచి చుక్కలు కారతాయి. కారిన చోటికి చీమలు, కందిరీగలు వస్తాయి. సీసా నిండా పోసి, నీడపట్టున కడితే కారడం తగ్గుతుంది. పళ్ళెం రకానికి ఈ బెడద లేదు, పైగా నీళ్ళు రంధ్రానికి కాస్త కిందగా ఉంటాయి కాబట్టి పిట్ట నాలుక అందుకుంటుంది, తేనెటీగ అందుకోలేదు. మొదటిసారి కొనేవాళ్ళకి పళ్ళెం రకమే మేలు. పెద్దది వద్దు. రెండు రోజుల్లో ఖాళీ అయ్యేంత చిన్నది చాలు.

కందిరీగలు పట్టుకుంటే ఫీడర్ బయట తుడిచి, రెండు మూడు గజాలు పక్కకి జరపండి. పిట్ట వెంటనే కనిపెడుతుంది, కందిరీగలకి కొంత సమయం పడుతుంది. ఫీడర్ మీద పసుపు రంగు పువ్వులుంటే తీసేయండి, పసుపు వాటికి ఇష్టం. చీమలకి మందు వాడొద్దు, కొక్కేనికీ ఫీడర్‌కీ మధ్య నీళ్ళు నింపిన చిన్న గిన్నె తగిలిస్తే దాటలేవు. కొక్కేనికి నూనో వాజలీనో రాయమని చెప్పేవాళ్ళ మాట వినకండి. అది రెక్కకి అంటుకుంటే మూడు గ్రాముల పిట్ట శుభ్రం చేసుకోలేదు.

కట్టే చోటు సగం నీడలో, మనిషి తలంత ఎత్తులో, కూర్చోవడానికి దగ్గర్లో ఓ కొమ్మ ఉండేలా చూసుకోండి. అవి ఎంత ఎగిరినా రోజులో ఎక్కువసేపు కొమ్మ మీదే ఉంటాయి. కిటికీ దగ్గరైతే మూడడుగుల లోపే కట్టండి, లేదా ముప్పై అడుగులు దాటించండి. మధ్యలో కడితే వేగంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. ఫీడర్ మీద పెద్ద గొల్లభామ పురుగు (ప్రేయింగ్ మాంటిస్) కనిపిస్తే మెల్లగా తీసి దూరంగా పొదలో వదలండి, అది హమ్మింగ్‌బర్డ్‌ని కూడా పట్టి తింటుంది. ఆగ్నేయ అరిజోనా వైపు రాత్రికి రాత్రే ఫీడర్లు ఖాళీ అయితే అది మకరందం తాగే గబ్బిలాల పని.

ఒక మగ పిట్ట ఫీడర్‌ని సొంతం చేసుకుని మిగతావాటిని తరిమేస్తుంటే రెండో ఫీడర్ ఇంటికి అవతలి పక్కన, మొదటిది కనిపించని చోట కట్టండి. ఒక్కటే రెండింటికీ కాపలా కాయలేదు.

మన తెలుగువాళ్ళు చాలామంది దీన్ని తేనెపిట్ట అంటారు. రెండూ చుట్టాలు కావు. తేనెపిట్ట సాధారణంగా కొమ్మ పట్టుకుని కూర్చుని తాగుతుంది, హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్‌లు ఉన్నది అమెరికా ఖండాల్లోనే. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో గూడు కట్టేది రూబీ త్రోటెడ్ అనే రకం ఒక్కటే, పసిఫిక్ తీరంలో ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాది పొడవునా ఉంటుంది. ఫీడర్‌కి దగ్గరగా కూర్చుని చూస్తే ముక్కు కొన లోంచి దారంలాంటి పారదర్శకమైన నాలుక చటుక్కున వచ్చి పోతూ కనిపిస్తుంది. నాలుక కొస రెండుగా చీలి ఉంటుంది, నీళ్ళలో విచ్చుకుని, వెనక్కి లాగేటప్పుడు ముడుచుకుని ద్రవాన్ని పట్టుకొస్తుంది. సీసా రకమైతే ఆ పక్కనే ఓ గాలి బుడగ పైకి తేలుతుంది.

పంచదార నీళ్ళు వాటికి శక్తి మాత్రమే. మాంసకృత్తుల కోసం దోమలు, చిన్న ఈగలు, సాలీళ్ళు తింటాయి, పిల్లలకి పెట్టేదీ ఎక్కువగా అవే. కాబట్టి పెరట్లో పురుగుమందు కొడుతూ ఫీడర్ కట్టడం ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడమే. సాలెగూళ్ళని కూడా వదిలేయండి, ఆ పోగులతోనే గూడు అల్లుకుంటాయి. మొక్కల్లో ట్రంపెట్ హనీసకిల్, కార్డినల్ ఫ్లవర్, బీ బామ్, సాల్వియా వేస్తే ఫీడర్ కంటే ముందు వాటి దగ్గరికే వస్తాయి. గూడు కనిపిస్తే ముట్టుకోవద్దు, అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం కింద గుడ్లున్న గూడు తీయడం నేరం.

రూబీ త్రోటెడ్ అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరానికి మార్చి మొదట్లో చేరుతుంది, ఉత్తర రాష్ట్రాలకి ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం. మీ ప్రాంతానికి వచ్చే రోజుకంటే వారం ముందు ఫీడర్ కట్టండి, ముందుగా వచ్చేవి మగవి. శరదృతువులో ఫీడర్ తీయకపోతే వలస మానేస్తాయన్న భయం అక్కర్లేదు. వాటిని కదిలించేది తగ్గుతున్న పగటి వెలుగు, మన పంచదార నీళ్ళు కాదు. మగవి ఆగస్టుకే బయల్దేరతాయి, సెప్టెంబర్ ఆఖర్లో వచ్చేవి ఎక్కువగా ఆ ఏడాది పుట్టిన పిల్లలు, మొదటిసారి దక్షిణానికి వెళ్తున్నవి. ఆఖరి పిట్ట కనిపించిన రోజు క్యాలెండర్ మీద రాసుకుని, ఆ తర్వాత రెండు వారాలు ఫీడర్‌ని తాజాగా ఉంచండి. దారిలో ఆలస్యమైన ఇంకొకటి తెల్లవారగానే, రాత్రంతా ఒళ్ళు చల్లబరుచుకుని నిద్రపోయి, ఆకలితో వస్తుంది.