చాందినీ పడుకున్నాది

రెండేళ్ళ కిందట, డిసెంబర్ నెల. తెల్లవారుజామున మా విశాఖ బీచ్ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు గదా, ఆ వేళకే నేనూ మా గోధుమా నడకకు వెళ్తాం. గోధుమ మా చినవాల్తేరు వీధిలో పుట్టిన కుక్క. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ మా మెట్ల కింద చేరితే ఉంచేసుకున్నాం. ఆ రోజు కురుసుర సబ్‌మెరైన్ దాటాక ఇసుకలోకి దిగాం. సవారీలకు తెచ్చిన తెల్ల గుర్రం ఒకటి సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. నా చేతిలో తాడు వదులుగా ఉంది. గోధుమ ఒక్క గుంజు గుంజి, మొరగనైనా మొరగకుండా నేరుగా దాని తోక దగ్గరికి పరిగెత్తింది.

గుర్రం తల కూడా తిప్పలేదు. వెనక కాళ్ళు రెండూ ఎత్తి తన్నింది. గిట్ట గోధుమ చెవి పక్కనుంచి పోయింది. బెత్తెడు ఇటు పడి ఉంటే నా కుక్క ఆ ఇసుకలోనే పోయేది.

గుర్రం ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. నన్ను తిడతాడనుకున్నాను. ముందు గుర్రం మెడ మీద చెయ్యి వేసి ఏదో గొణిగాడు, అది కుదుటపడ్డాక నా వైపు తిరిగాడు. "దీనికి కుక్కంటే బయం నేదమ్మా. ఎనకాల నుంచి వచ్చింది గదా, వచ్చిందేటో దానికి తెలీనేదు" అన్నాడు.

ఆ గుర్రం చాందినీ. ఆయన్ని ఆ తర్వాత బాబాయ్ అని పిలవడం అలవాటైపోయింది. నేను బడిలో పాఠాలు చెప్తానని తెలిశాక ఆయనకు నేను టీచరమ్మని.

గుర్రం కళ్ళు మన కళ్ళలా ముందుకు ఉండవు, తలకు అటొకటి ఇటొకటి ఉంటాయి. మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. చూడలేని చోట్లు రెండే. ఒకటి సరిగ్గా తోక వెనక. ఇంకొకటి నుదుటికి ఎదురుగా, ముక్కు కింద. గడ్డి మేసే జంతువు అది, ఒకప్పుడు తోడేళ్ళూ పులులూ దాన్ని తిని బతికాయి. చూడలేని చోట అడుగుల చప్పుడైతే ఎవరని ఆగి ఆలోచించిన గుర్రాలు పిల్లల్ని కనేదాకా బతికి ఉండవు. తన్నినవే బతికాయి. గోధుమ ఆ రోజు చేసింది అచ్చంగా వేటజంతువు చేసే పని, చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి రావడం.

మొరిగే కుక్కల్ని చాందినీ అసలు పట్టించుకోదు. గేట్ల వెనక నుంచి గొంతు చించుకునే కుక్కలు మన ఊళ్ళో ఎన్ని లేవు! చెవి ఒకటి అటు తిప్పి వింటుంది, అంతే. దాని చెవులు వేటికవే తిరుగుతాయి, ఒకటి బాబాయ్ వైపు ఉంటే ఇంకొకటి రోడ్డు వైపు ఉంటుంది. కానీ తల కిందికి దించి, చూపు తిప్పకుండా, ఒక్కో అడుగే వేస్తూ వచ్చే కుక్క కనిపించిందా, రెండు చెవులూ అటే నిలబడిపోతాయి, మెడ బిగుసుకుంటుంది. నాకు కుక్కలన్నీ ఒకలాగే కనిపించేవి. చాందినీ పక్కన నిలబడితేనే తేడా తెలిసింది.

బాబాయ్ చెప్పినట్టే చేశాం. రోజూ ఓ పావుగంట. గోధుమను పది గజాల దూరంలో, చాందినీకి పక్కనుంచి కనిపించేలా కూర్చోబెట్టేదాన్ని. ఎదురుగా వెళ్ళకుండా, వంపు తిరుగుతూ నడిచేవాళ్ళం. వెళ్తున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉండాలి, ఎవరో వస్తున్నారని గుర్రానికి తెలియాలి గదా. నెల పట్టింది. సంక్రాంతి దాటిన వారంలో చాందినీ తనంతట తనే మెడ వంచి గోధుమ వీపు మీద ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి వదిలింది. గోధుమ కదల్లేదు. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నానని తర్వాత గాని తెలియలేదు.

ఇప్పుడు అవి ఆడుకుంటాయి కూడా. గోధుమ ముందు కాళ్ళు చాపి నడుము పైకెత్తి పిలుస్తుంది. చాందినీ నోరు వదులుగా తెరిచి తల ఊపుతుంది. ఇది నా భ్రమేమో అనుకునేదాన్ని. ఇటలీలో పీసా విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రాలూ కుక్కలూ కలిసి ఆడుకునే 20 వీడియోలను పరిశీలించి 2020లో రాసింది చదివాక ధైర్యం వచ్చింది. ఆటలో ఒకటి నోరు తెరిస్తే రెండోదీ వెంటనే తెరుస్తుందట, అంటే ఒకదాని ముఖం ఇంకొకటి చదువుతోందన్నమాట. ఇంత పెద్ద జంతువు అంత చిన్నదాని కోసం తన బలం తగ్గించుకుని ఆడుతుంది. నాకు అది చూస్తుంటే కడుపు నిండినట్టుంటుంది.

గోధుమకు చాందినీ అంటే అంత ఇష్టం పుట్టడానికి ఇంకో కారణం ఉంది. లాడాలు కొట్టే ఆయన వచ్చిన రోజు గిట్టలు చెక్కుతాడు గదా, ఆ చెక్కులు కుక్కలకు పరమాన్నం. పెదజాలారిపేట వెనక సందులో బాబాయ్ రేకుల షెడ్డు ఉంది, ఆ రోజు సందులో కుక్కలన్నీ అక్కడే వరస కట్టి కూర్చుంటాయి. అన్ని కుక్కలు చుట్టూ ఉన్నా చాందినీ కాలు ఇచ్చేసి కళ్ళు సగం మూసుకుంటుంది. దానికి అవన్నీ కనిపిస్తున్నాయి, తెలిసినవే అన్నీ.

తెలియని కుక్కలు తరిమితే మాత్రం పరిగెత్తించకూడదు. సవారీ కుర్రాళ్ళు కొందరు భయపడి గుర్రాన్ని అదిలిస్తారు, పరిగెత్తే కొద్దీ కుక్కలకు ఇంకా ఊపొస్తుంది. ఒకసారి లాసన్స్ బే దగ్గర నాలుగైదు కుక్కలు చుట్టుముట్టినప్పుడు బాబాయ్ ఏం చేశాడో నేను చూశాను. కళ్ళెం పట్టి చాందినీని వాటి వైపు తిప్పి నిలబెట్టాడు. ఒక్క అడుగు ముందుకు వేయించాడు. కుక్కలు ఆగిపోయాయి. వెంటపడ్డది తిరిగి తమ ముఖంలోకి చూస్తే వాటికి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు మొరిగి చెదిరిపోయాయి.

ఆవుల్ని చాందినీ లెక్కచెయ్యదు. కాకులు వీపు మీద వాలి పిడుదులు ఏరుతుంటే హాయిగా నిలబడుతుంది. పందులంటే చచ్చే భయం. గెడ్డ పక్కనుంచి వెళ్ళేటప్పుడు పంది వాసన తగిలిందంటే చెమటలు పట్టేస్తుంది, ఇంక అడుగు వెయ్యదు. బీచ్‌లో ఒంటె ఎదురైతే మాత్రం ఏమీ అనుకోదు. పర్షియా రాజు సైరస్ లిడియా మీద యుద్ధానికి వెళ్ళినప్పుడు ఒంటెల్ని ముందు నిలబెట్టాడనీ, వాటి వాసనకే లిడియా గుర్రాలు వెనక్కి తిరిగాయనీ హెరొడోటస్ రాశాడు. అది క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం మాట. ఆ గుర్రాలకు ఒంటె కొత్త. చాందినీ చిన్నప్పటినుంచి ఒంటెతో ఒకే ఇసుక తొక్కింది.

కోళ్ళతో కూడా బాగానే ఉంటుంది. కానీ గుర్రం ఉన్నచోట కోళ్ళు పెంచేవాళ్ళకు ఒక్క మాట. కొన్ని రకాల కోళ్ళ దాణాలో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోళ్ళకు అది మంచిదే, గుర్రానికి విషం, గుండెను దెబ్బతీస్తుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది బయటికి రాదు. దాణా మూట గుర్రానికి అందని చోట, తలుపు వేసి పెట్టండి. దయచేసి.

పోయిన ఏడాది జూన్‌లో బాబాయ్ రెండో గుర్రాన్ని అమ్మేశాడు. బాదల్ దాని పేరు. సవారీలు తగ్గాయి, ఇద్దరికీ ఉలవలు పెట్టలేకపోయాడు. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. చాందినీ నాలుగు రోజులు సకిలిస్తూనే ఉందట. తర్వాత మానేసింది. మానేస్తే మరిచిపోయిందనుకున్నాం.

ఆగస్టులో దాని ముందు కాళ్ళకు, గిట్టల పైన కీళ్ళ దగ్గర పుళ్ళు కనిపించాయి. నడకలో తడబడి పడుతోందని బాబాయ్ అనుకున్నాడు. నాకు రాళ్ళేమైనా గుచ్చుకున్నాయేమో అనిపించింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ముందు టెటనస్ ఇంజెక్షన్ చేశారు. గుర్రాలకు టెటనస్ చాలా తేలిగ్గా వస్తుంది, చిన్న గాయాన్నైనా వదిలెయ్యకూడదు. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న మేమెవరమూ ఊహించనిది.

"ఇది పడుకుంటోందా?"

గుర్రం నిలబడి నిద్రపోతుందని అందరం వింటాం. అది కునుకు మాత్రమే. కాళ్ళ కీళ్ళను బిగించుకుని పడిపోకుండా కునుకు తీస్తుంది. అసలైన గాఢనిద్ర, కలలొచ్చే నిద్ర, ఒళ్ళంతా వదిలేసి నేల మీద పడుకుంటేనే పడుతుంది. రోజుకు అరగంటో గంటో చాలు, కానీ అది ఉండాలి. మందలో ఒకటి పడుకుంటే ఇంకొకటి నిలబడి కాపలా కాస్తుంది. బాదల్ వెళ్ళాక చాందినీకి కాపలా లేదు. రెండు నెలలుగా అది పడుకోలేదు. నిలబడే గాఢనిద్రలోకి జారిపోయి, మోకాళ్ళు వంగి ముందుకు కూలి, ఉలిక్కిపడి మళ్ళీ లేస్తోంది. ఆ పుళ్ళు నిద్ర లేని పుళ్ళు.

బాబాయ్ షెడ్డు బయట నేల మీద కూలబడిపోయాడు. "ముప్పై ఏళ్ళుగా గుర్రాలతో ఉన్నాను, ఇది నాకెవులూ చెప్పనేదు" అన్నాడు.

ఇంకో గుర్రాన్ని కొనే స్తోమత లేదు. రేసు గుర్రాల శాలల్లో మేకను తోడుగా ఉంచే అలవాటు ఉందని చెప్తే వాళ్ళ చెల్లెలి ఇంటినుంచి మేకను తెచ్చాడు. చాందినీ దాన్ని రానిచ్చింది, దగ్గరికి తీసింది, తోక వెంట్రుకలు నమిలినా ఊరుకుంది. కానీ పడుకోలేదు. పొద్దున్నే వెళ్ళి ఒంటి మీద మరకలు వెతికేవాళ్ళం. తెల్ల గుర్రం పడుకుందో లేదో ఒంటిని చూస్తే తెలుస్తుంది. రోజూ మచ్చ లేకుండా తెల్లగా ఉండేది. ఆ తెలుపు చూస్తేనే నాకు టెన్షన్.

అక్టోబర్ వానల్లో సందులో నల్ల కుక్క ఒకటి షెడ్డు మూల గడ్డిలో మూడు పిల్లల్ని పెట్టింది. గిట్టల కింద పడతాయని బాబాయ్ వాటిని బయటికి మార్చాడు, తల్లి మళ్ళీ నోట కరుచుకుని అక్కడికే తెచ్చింది. మార్చాడు, తెచ్చింది. మూడోసారి ఒగ్గేశాడు. ఆ మూలకు అడ్డంగా ఒక చెక్క మాత్రం పెట్టాడు. చాందినీ చెక్క మీంచి మెడ చాచి పిల్లల్ని వాసన చూస్తే తల్లి గుర్రుమనలేదు, లాడాల రోజున ఎన్నిసార్లు దాని కాళ్ళ దగ్గర కూర్చుందో. కానీ రాత్రి సందులో ఎవరి అడుగు వినపడినా చాలు, లేచి గుమ్మంలో నిలబడి మొరిగేది.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో పొద్దున్న ఆరింటికి ఫోన్. బాబాయ్ ఎప్పుడూ ఫోన్ చెయ్యడు.

"టీచరమ్మా, చాందినీ పడుకున్నాది."

చెప్పులు తొడుక్కుని పరిగెత్తాను. ఎడమ పక్క డొక్క నుంచి తొడ దాకా పచ్చటి పేడ మరక, జూలులో గడ్డిపోచలు. బాబాయ్ ఆ మరక మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. తర్వాత వరసగా ప్రతి పొద్దునా మరక ఉంది.

తల్లికీ, పిల్లలు మూడు నెలలు దాటాక వాటికీ రేబిస్ టీకాలు వేయించాను. రేబిస్ ఉన్న కుక్క కరిస్తే గుర్రానికీ ఆ జబ్బు వస్తుంది, లక్షణాలు కనిపించాక మందు లేదు. చాందినీకి కూడా వేయించాం. రెండు పిల్లల్ని జాలరిపేటలోనే పడవల వాళ్ళు తీసుకెళ్ళారు. ఒకటి ఉండిపోయింది, దానికింకా పేరు పెట్టలేదు. కీళ్ళ మీద పుళ్ళు మానాయి, అక్కడ కొత్త వెంట్రుకలు వస్తున్నాయి.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదింటికి గోధుమను తీసుకుని వెళ్ళాను. దూరం నుంచే మాట్లాడుతూ వెళ్ళాను, అలవాటు. నల్ల కుక్క గుమ్మంలో లేచి, మమ్మల్ని చూసి తోక ఊపి, మళ్ళీ కూర్చుంది. లోపల చాందినీ కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. మేక దాని వీపుకు ఆనుకుని ఉంది. మేం వచ్చిన సంగతి చాందినీకి తెలియనే తెలియదు. నిద్రలో ముందు గిట్ట ఒకటి కదులుతోంది.