వాసన రాని చీము

పదకొండు దాటింది. చేతులు ఇప్పటికి నాలుగుసార్లు కడిగాను. రెండుసార్లు సబ్బుతో, తర్వాత బూడిదతో, మళ్ళీ సబ్బుతో. గ్లవ్సులు వేసుకునే చేశాను, ఇన్నిసార్లు కడగాల్సిన పనేం లేదు, తెలుసు. అయినా ఏదో అంటుకున్నట్టే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనేమీ లేదు. నిద్ర పట్టనివ్వనిది అదే.

మా మేక చుక్కకి జబ్బ ముందున్న గడ్డ నిమ్మకాయంత ఉన్నప్పుడు ఓసారి రాశాను కదా. ఇప్పుడది బత్తాయంత అయింది. మొన్నటికి మొన మీద వెంట్రుకలు ఊడి, తోలు పల్చబడి, వేలు పెడితే మెత్తగా లోపలికి పోయింది. పండింది. పశువుల డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "చెవి కిందో గొంతు దగ్గరో అయితే బ్లేడు పెట్టొద్దమ్మా, అక్కడ నరాలూ రక్తనాళాలూ ఉంటాయి, ఇక్కడికే తోలుకురండి. జబ్బ ముందు, పైకే తేలిందంటున్నారు కాబట్టి ముందు లావు సూదితో గుచ్చి చూడండి. చీమైతే సరే. రక్తం వచ్చినా నీళ్ళు వచ్చినా అక్కడితో ఆపేయండి" అన్నారు.

అన్నీ సిద్ధం చేసుకున్నాను. కొత్త బ్లేడు. కాచి చల్లార్చిన నీళ్ళలో పల్చటి టీ రంగు వచ్చేదాకా బెటాడిన్. సూది తీసేసిన 20 మి.లీ. సిరంజి. కింద పరచడానికి పాత పేపర్లు, అవి కాల్చడానికి రేకు డబ్బా. సూదితో గుచ్చి చూశాను, చీమే. చిన్నోడు చుక్క మెడ పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు దిగాడు మరిది.

"ఒక్క గీత గీసి పిసికేస్తే పోయేదానికి ఇంత తతంగమేంది వదినా" అంటూ, నేను రెండో గ్లవ్సు ఎక్కించుకునేలోపే బ్లేడు తీసుకుని గీసేశాడు. అదీ గడ్డ పైభాగాన! గంటు కింది వైపు పెట్టాలి, చీము దానంతటది దిగిపోవాలి. పైన పెడితే అడుగున నిలవుండిపోయి మళ్ళీ ఊరుతుంది. కుండకి చిల్లు ఎక్కడ పెడితే ఖాళీ అవుతుందో తెలియని మనిషి ఊళ్ళో అందరికీ బోర్లు వేయిస్తాడు.

అంతటితో ఆగాడా. రెండు బొటనవేళ్ళతో పట్టి పిసికాడు. చీము పేపరు దాటి ఎగిరి నీళ్ళ తొట్టి పక్కన పడింది. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. చెప్పు కాలితో దాని మీద మన్ను కప్పి, "మట్టిలో కలిసిపోద్దిలే" అన్నాడు. కలిసిపోదు నాయనా, అందులోని క్రిమి నెలల తరబడి ఆ మట్టిలోనే బతికి ఉండొచ్చు అంటే, "నీకన్నీ ఫోన్లోనే తెలుస్తయ్" అని నవ్వాడు. టీ తాగి వెళ్ళాడు కూడా. ఆ అంగుళం మేర నేల గీకి డబ్బాలో పోసి కాల్చి, అక్కడ సున్నం చల్లి, తొట్టి తోమి, కోళ్ళని మూసిపెట్టేసరికి నా నడుం పడిపోయింది.

పోయినేడు వానాకాలంలో ముసలి మేకకి దవడ కింద ఉబ్బినప్పుడూ ఇంతే, బ్లేడు పట్టుకొచ్చాడు. అది గడ్డే కాదు. సాయంత్రం మేసొచ్చాక ఉబ్బేది, తెల్లారేసరికి తగ్గేది. కనురెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. పొట్టలో పురుగులు రక్తం తాగేసి నీరు దిగింది, నట్టల మందు తాగిస్తే తగ్గింది. ఆ రోజు అడ్డం పడకపోతే దాన్నీ కోసేవాడే.

గడ్డ పండేదాకా ఓపిక పట్టడం నాకు అమ్మమ్మ దగ్గర వచ్చింది. పదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, నాకు తొడ మీద సెగ్గడ్డ లేచింది. మామిడిపళ్ళ వేడి అని అందరూ తేల్చారు. కూర్చోలేను, వెల్లకిలా పడుకోలేను. పొయ్యి బూడిదలో ఉల్లిపాయ కాల్చి, పసుపు కలిపి నూరి, ఆముదపాకులో పెట్టి కట్టేది అమ్మమ్మ. నులక మంచం మీద మూడు రాత్రులు బోర్లా పడుకున్నాను. మంచం నులక అచ్చులు బుగ్గ మీద పడితే బావలు నవ్వేవాళ్ళు. పెదనాన్న పిన్నీసు దీపం మీద కాల్చుకుని రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో పప్పుగుత్తి. "పండనిదాన్ని గిల్లితే లోపలికి పోద్దిరా" అని. నాలుగో రాత్రి దానంతటదే పగిలింది. గదంతా కంపు. నేను ఏడుస్తుంటే అమ్మమ్మ మాత్రం సంబరంగా, "కంపు కొట్టిందంటే పోయినట్టేనే" అంది.

ఇవాళ్టిది కంపు కొట్టలేదు.

చిల్లకంప ముల్లు గుచ్చుకుని చీము పట్టిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలాంటి చీము ఎక్కువగా పల్చగా ఉంటుంది, కంపు కొడుతుంది. ఇది చిక్కగా, పచ్చ తిరిగిన తెలుపులో, ట్యూబు నొక్కితే పేస్టు వచ్చినట్టు వచ్చింది. సాయంత్రం ఫొటో పంపాను. డాక్టరు గారు ఓ పేరు చెప్పారు, కేసియస్ లింఫడినైటిస్ అట, మేకలకీ గొర్రెలకీ ఇలా గడ్డలు లేపే రోగం. కచ్చితంగా తేలాలంటే చీము ల్యాబుకి పంపాలి, కానీ ఈలోపు అదే అనుకుని నడుచుకోమన్నారు. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. గడ్డ చుట్టూ మందపాటి పొర కడుతుంది కాబట్టి ఇంజెక్షన్లు లోపలిదాకా సరిగా పోవు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేవచ్చు. పుండు పూర్తిగా మూసుకునేదాకా వేరే కట్టేయండి, మిగతావాటి దవడల కింద, జబ్బల ముందు, తొడల దగ్గర తడిమి చూస్తుండండి అన్నారు.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. మరిదిని దులిపేద్దామనే మొదలుపెట్టాను ఇవాళ. కానీ తొట్టి పక్కన పడిన చీము ఇవాళ్టిది. చుక్కకి అంటింది ఎప్పుడో.

కార్తీకంలో సంతలో ఎర్రమేకని కొన్నాను కదా. దాని దవడ కింద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకల్లేవు, రేగిపండంత ఉండ చేతికి తగిలింది. అడిగితే, "ముల్లు గుచ్చుకుందమ్మా, మానిపోయింది" అన్నాడు అమ్మినాయన. ఆ ఉండని చూపించే 8,500 అన్నదాన్ని 8,000కి బేరమాడాను. వచ్చి ఇక్కడ గొప్పలు కూడా రాసుకున్నాను. నెల రోజులు వేరే కట్టేయాలని తెలిసి కూడా ఆ సాయంత్రమే మందలో కలిపేశాను. అన్నీ ఒకే గుంజకి మెడలు రుద్దుకుంటాయి, ఒకే తొట్టిలో మూతి పెడతాయి. మిగిల్చిన 500 ఏం చేశానో కూడా గుర్తులేదు.

అలాగని గంటు పైన పెట్టినందుకు మరిదిని వదిలేశానని కాదు.

అన్నాల దగ్గర అత్తమ్మ మామూలుగా అనేసింది, "మానినాక చుక్కని అమ్మేయండి. వెంట్రుకలొస్తే ఆ మచ్చ ఎవరు చూడొచ్చారు." ఒళ్ళు మండింది. సంతలో ఆయన నాకు చేసిందీ అదేగా? గిన్నెలు తోముతూ మాత్రం లెక్క వేశాను. రెండో ఈత, రెండు పిల్లలేసే మేక, ఎంతకి పోతుంది, ఏ సంతకైతే మా ఊరోళ్ళు రారు అని. చూడండి నా సంగతి.

ఇందాక టార్చి తీసుకుని వెళ్ళొచ్చాను. వేపచెట్టు కింద ఒంటరిగా కట్టేశామని సాయంత్రమంతా అరిచింది, ఇప్పుడు పడుకుంది. గంటులో పెట్టిన గాజుగుడ్డ కొస అలాగే వేలాడుతోంది. చుట్టూ రాసిన వేపనూనెకి ఈగలు వాలలేదు. అవిశాకు రెమ్మ అందిస్తే లేవకుండానే నమిలింది.

ఎర్రమేక కూడా మేలుకునే ఉంది. దవడ కింద చెయ్యి పెట్టాను. పాత ఉండ కాదు, దాని పక్కన ఇంకోటి వేలికి తగిలినట్టుంది. నిద్రమత్తులో ఎముకనే తడిమానేమో. పొద్దున వెలుతురులో చూడాలి.

ఐదోసారి చేతులు కడిగాను. గ్లవ్సులు ఒక్క జతే మిగిలింది. రేపు టౌనుకి వెళ్ళేది మరిది ఒక్కడే, తనకే చెప్పాలి.