అరకు దిగేటప్పుడు మెత్తబడిన బ్రేకు, ఆ తర్వాత నేను వేయించిన డిస్కులు

అనంతగిరి ఘాట్ దిగుతున్నాం. పక్క సీట్లో నాన్న, వెనక అమ్మ, డిక్కీలో కాఫీ పొడి, పసుపు, రెండు సంచుల రాజ్మా. ముందు టూరిస్టు బస్సు ఒకటి నెమ్మదిగా పోతోంది. దాటే దారి లేదు, అడుగడుక్కీ బ్రేకు. ఒక మలుపు దగ్గర పెడల్ తొక్కితే రోజూ ఆగే చోట ఆగలేదు. తడి స్పాంజి మీద కాలేసినట్టు ఇంకా లోపలికి పోయింది. గబగబా రెండు మూడు సార్లు తొక్కితే అప్పుడు పట్టింది.

నాన్న నా కాలు వంకే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. "కంగారు పడకమ్మా. గేరు తగ్గించు. ఆ టీ కొట్టు పక్కకి తీసి ఆపు" అన్నారు. మాది ఆటోమేటిక్ కారు. లివర్‌ని మాన్యువల్‌లోకి తోసి రెండో గేరులో పెట్టాను. ఇంజన్ గట్టిగా అరిచింది, కారు నెమ్మదించింది. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగనివ్వలేదు నాన్న. పార్కింగ్‌లో పెట్టించి, చక్రం కింద రాయి వేశారు. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన ఘాటుగా వస్తోంది. టీ కొట్టు కుర్రాడు పాపం సాయం చేద్దామని నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చాడు. "వద్దు బాబూ, నీళ్ళు పొయ్యకు. కాలుతున్న పెనం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఇదీ పోత ఇనుమే, పగిలిపోతుంది" అని నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. అరగంట ఆగి, రెండో గేరులోనే శృంగవరపుకోట దాకా దిగాం.

ఆ రోజు నుంచి నాలుగు నెలలు నా తీరిక సమయమంతా బ్రేకులకే పోయింది. ఏం తెలుసుకున్నానో, ఏం వేయించానో రాస్తున్నాను.

మా కారు 2015 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. చూడ్డానికి చిన్నదే. 1.2 లీటర్ల టర్బో ఇంజన్, కంపెనీ లెక్క ప్రకారం 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. నాకన్నా ముందు వాడినాయన ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ట్యూన్ చేయించి పవర్ ఇంకాస్త పెంచారు. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. ముందు 256 మిల్లీమీటర్ల డిస్కులు, వాటిని ప్యాడ్లతో రెండువైపులా నొక్కి పట్టే, ఒక్కో పిస్టన్ ఉన్న క్యాలిపర్లు, వెనక డ్రమ్ములు.

బ్రేకు ఘాట్‌లో రెండు రకాలుగా చేతులెత్తేస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగనంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేశాయన్న మాట. పెడల్ మెత్తబడి లోపలికి పోయిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి, అందులో ఆవిరి బుడగలు పుట్టాయన్న మాట. ఆయిల్‌ని నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. మన కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. నాది రెండోది.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. 3.7 శాతం నీళ్ళు చేరాక ఆ హామీ 155 డిగ్రీలకే పరిమితం. మా ఇల్లు విశాఖలో, సముద్రం పక్కన లాసన్స్ బే కాలనీలో. ఆరేసిన బట్టలే ఒక్కోసారి సాయంత్రానికి చెమ్మగా తగులుతాయి. కారు కొన్నప్పుడు ఇచ్చిన బిల్లుల్లో ఆయిల్ మార్చినట్టే ఉంది. విప్పి చూస్తే టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ బిల్లు రాసిన గ్యారేజీ పేరు ఇక్కడ అనవసరం. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు బిల్లు చూసి నమ్మకండి, ఆయిల్ మార్పించేయండి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇక పెద్ద బ్రేకుల సంగతి. చాలామంది అనుకునేది, పెద్ద డిస్కు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందని. సడన్ బ్రేకు వేస్తే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గడగడమంటోందా? అంటే బ్రేకు బలం అప్పటికే టైరు పట్టును మించిపోయింది. అక్కడ దూరం తగ్గించేది టైరే. పెద్ద డిస్కు పని వేరు. పదే పదే బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని మొయ్యడం, గాలికి వదిలెయ్యడం. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మనుషులు, సామానుతో కలిపి కారు 1,400 కిలోలు అనుకుందాం. ఆ బరువు 900 మీటర్లు దిగితే వదిలే శక్తి దాదాపు మూడున్నర యూనిట్ల కరెంటు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను మూడున్నర గంటలు కాల్చినంత. కొంత గాలి తీసుకుంటుంది, గేరు తగ్గిస్తే చాలా వరకు ఇంజన్ తీసుకుంటుంది. నేను డ్రైవ్‌లో వదిలేసి కాలితో ఆపుకుంటూ దిగాను కాబట్టి మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ముందున్న రెండు ఇనప డిస్కుల మీద పడింది. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి" అని నాన్న చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆటోమేటిక్ కారుకీ అది వర్తిస్తుందని నాకు తట్టలేదు.

మొదట మనసు పడింది నాలుగు పిస్టన్ల ఎర్ర క్యాలిపర్ల మీదే, 330 మిల్లీమీటర్ల డిస్కులతో. చూడ్డానికి ఎంత బాగుంటాయో! తర్వాత లెక్క వేశాను. నా అల్లాయ్‌లు 15 అంగుళాలవి, అంటే 381 మిల్లీమీటర్లు. డిస్కు 330 పోతే చుట్టూ మిగిలేది 25. అందులోనే రిమ్ము మందం, క్యాలిపర్ వీపు, మధ్యలో ఖాళీ, అన్నీ పట్టాలి. పట్టవు. 17 అంగుళాల చక్రాలు వేస్తే మన గుంతల్లో టైరు సైడ్‌వాల్ బతకదు. పైగా రేసుల కోసం చేసే క్యాలిపర్లలో కొన్నింటికి పిస్టన్ చుట్టూ దుమ్ము ఆపే రబ్బరు బూటు ఉండదు. రేసు టీములు వాటిని తరచూ విప్పి సీళ్ళు మారుస్తాయి. రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళే రోడ్డు మీద ఇసుక, ఉప్పు గాలి రోజూ తినే కారుకి అవి వద్దు. ముందు బ్రేకు మరీ పెంచేస్తే వెనక డ్రమ్ములు చేసే పని ఇంకా తగ్గిపోతుంది, అది కూడా చూసుకోవాలి.

అందుకే అదే కంపెనీ జీటీఐ మోడళ్ళలో వచ్చే 288 మిల్లీమీటర్ల డిస్కుల దగ్గర ఆగాను. మందం 22 నుంచి 25కి పెరుగుతుంది, అంటే వేడి దాచుకునే ఇనుమూ పెరుగుతుంది, మధ్యలో గాలి తిరిగే సందులూ పెరుగుతాయి. క్యాలిపర్ పిస్టన్ సైజు పాతదే కాబట్టి పెడల్ ప్రయాణం మారదు. చిక్కు ఒకటుంది. నా పాత క్యాలిపర్‌కి విడి బ్రాకెట్ లేదు, నేరుగా నకిల్ (చక్రం హబ్‌ని పట్టి ఉంచే భాగం) మీదే కూర్చుంటుంది. పెద్దదానికి బ్రాకెట్ కావాలి, కాబట్టి నకిల్ కూడా మార్చాలి. స్క్రాప్‌కి వెళ్ళిన కారు నుంచి నకిళ్ళు, బ్రాకెట్లు, క్యాలిపర్లు కలిపి సెట్టుగా తీసుకున్నాను. పిస్టన్లు బయటికి తీయించి, సీళ్ళు, బూట్లు, క్యాలిపర్ జారే స్లైడ్ పిన్నుల రబ్బర్లు అన్నీ కొత్తవి వేయించాను. పిన్నులకి సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతుంది.

డిస్కుల్లో రంధ్రాలవి, గీతలవి, సాదావి మూడు రకాలూ చూశాను. రంధ్రాలవి అందంగానే ఉంటాయి, వానలో మొదటి పట్టు కూడా బాగుంటుంది. కానీ వేడెక్కి చల్లారే ప్రతిసారీ పగులు మొదలయ్యేది ఆ రంధ్రం అంచు దగ్గరే. గీతలవి ప్యాడ్ ముఖాన్ని శుభ్రం చేస్తాయి, బదులుగా ప్యాడ్‌ని త్వరగా తినేస్తాయి, కాస్త చప్పుడు చేస్తాయి. నేను సాదా వెంటిలేటెడ్ డిస్కులే తీసుకున్నాను, కాకపోతే తుప్పు పట్టకుండా పూత ఉన్నవి. ప్యాడ్ రాసుకునే చోట పూత రెండు రోజుల్లో పోతుంది. డిస్కు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టోపీ మీద, లోపలి సందుల్లో మాత్రం నిలుస్తుంది. సముద్రం పక్కన ఉండేవాళ్ళకి అదే కావలసింది.

ఆ డిస్కుల దగ్గర నాకు పెద్ద దెబ్బే తగిలింది. ఆన్‌లైన్‌లో 288 అని చూసి ఆర్డర్ పెట్టేశాను. గాజువాక ఆటోనగర్‌లో మెకానిక్ అన్న డిస్కు ఎత్తి, చక్రం బిగించే హబ్ మీద పెట్టి, దించి, మళ్ళీ పెట్టి, "మేడమ్, బోల్టులు కలవట్లేదు" అన్నాడు. నా హబ్ 5×100, అంటే 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వలయం మీద అయిదు బోల్టులు. వచ్చినవి 5×112. అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోవడానికి మూడు వారాలు తిప్పారు. అయిదు బోల్టుల డిస్కుకి ఆ కొలత ఎదురెదురుగా తీయలేం. పక్కపక్క రంధ్రాల నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి కొలిచి 1.701తో హెచ్చించాలి. 58.8 మిల్లీమీటర్లు వస్తే అది 100, 65.8 వస్తే అది 112. ఫొటోలో తేడా కంటికి కనపడదు. అమ్మేవాళ్ళని స్కేలు పెట్టి కొలిచి పంపమనండి.

సరైన డిస్కులు వచ్చిన రోజు అన్న చేసిన పని నాకు బాగా నచ్చింది. స్క్రాప్ కారు నుంచి తెచ్చిన నకిల్ మీది హబ్ ముఖం ఎర్రటి తుప్పుతో గరుకుగా ఉంది. వైరు బ్రష్‌తో, ఎమరీ కాగితంతో ఇరవై నిమిషాలు రుద్దాడు. గోరు పెట్టి గీసి చూశాడు. బోల్టు రంధ్రం పక్కన బియ్యపు నూకంత తుప్పు పొక్కు ఇంకా మిగిలి ఉంది. మళ్ళీ రుద్దాడు. హబ్ దగ్గర ఆ పొక్కు ఎంత ఎత్తుంటే, డిస్కు అంచుకి వచ్చేసరికి ఊపు రెండింతలు దాటుతుంది. డిస్కు బిగించి, ఊపు కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పాడు, ముల్లు 0.05 మిల్లీమీటర్ల లోపే ఆడింది. "డిస్కు వంగింది, పెడల్ కొట్టుకుంటోంది" అని కొత్తవి మార్పించేవాళ్ళలో చాలామందికి అసలు రోగం ఈ తుప్పు, లేకపోతే డిస్కు మీద హెచ్చుతగ్గులుగా అంటుకున్న ప్యాడ్ పదార్థం. క్యాలిపర్లు ఎడమ కుడి మారకుండా, గాలి తీసే నిపుల్ పైనే ఉండేలా చూసుకున్నాం. అది కింద ఉంటే ఎంత బ్లీడింగ్ చేసినా గాలి పైనే నిలిచిపోతుంది.

ప్యాడ్ల మీద ఉండే రెండక్షరాల కోడ్ కూడా చదవడం నేర్చుకున్నాను. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. నేను ఎఫ్ఎఫ్ తీసుకున్నాను. రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. నాకు పొద్దున్నే ఎంవీపీ కాలనీ సిగ్నల్ దగ్గర మొదటి బ్రేకే గట్టిగా పడాలి.

ఒక ఆదివారం తెల్లవారుజామున అచ్యుతాపురం వైపు ఖాళీ రోడ్డు మీద ప్యాడ్లని డిస్కులకి అలవాటు చేశాను. 80 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు. తర్వాత బ్రేకు తాకకుండా పది కిలోమీటర్లు చల్లార్చాను. వేడి డిస్కు మీద ప్యాడ్‌ని నొక్కిపెట్టి ఉంచితే అక్కడే అచ్చు పడిపోతుంది.

పోయిన వారం మళ్ళీ అరకు వెళ్ళొచ్చాం. దిగేటప్పుడు మూడో గేరు, మలుపుల్లో రెండో గేరు. అదే టీ కొట్టు దగ్గర ఆపాను. నాన్న దిగి, ముందు చక్రం దగ్గర వంగి, ఊచల మధ్య అరచెయ్యి తగలకుండా పెట్టి కాసేపు చూశారు. తర్వాత రెండో వైపుకి వెళ్ళి అక్కడా అలాగే పెట్టి చూశారు. "రెండువైపులా వేడి ఒకేలా ఉంది" అని, నా చేతిలోంచి తాళం తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నారు.