జువాలజీ ఆప్షనల్: నాకు మార్కులు తెచ్చింది కొంగల కాలనీ

ఫారెస్ట్ సర్వీస్ ఫైనల్ లిస్టులో పేరు చూసుకున్నాక ఫోన్లు కాస్త తగ్గాయి, ఇప్పుడు రాస్తున్నా. ప్రిలిమ్స్ గురించి బోలెడు మంది చెప్పేశారు, నేను ఇథాలజీ (జంతువుల ప్రవర్తన శాస్త్రం) గురించే చెప్తా.

'హ్యాచింగ్ ఎసింక్రోనీ, లాక్, 1947' అనే లైను అందరి నోట్సులోనూ ఉంటుంది: అంటే ఒకే గూటి పిల్లలు ఒకేసారి కాక వేర్వేరు రోజుల్లో పుట్టడం, దాన్ని వివరించిన శాస్త్రవేత్త డేవిడ్ లాక్. దాంతో రెండు మార్కులు వస్తాయి, పది రావు. నేను ఒకే ఒక్క గూడు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎగ్రెట్ (తెల్లకొంగ) గుడ్లన్నీ పెట్టేదాకా ఆగదు, ముందే పొదగడం మొదలెడుతుంది. అందుకే పిల్లలు రోజు, రెండు రోజుల తేడాతో బయటికొస్తాయి. తల్లో తండ్రో వాలగానే పెద్దపిల్ల దాని ముక్కును అడ్డంగా పట్టి కిందికి గుంజి మేత కక్కించుకుంటుంది. చిన్నది మెడ చాపితే నెత్తిమీద పొడుస్తుంది. తల్లిదండ్రులు పక్కనే నిలబడి ఉంటాయి, విడదీయవు. పైగా క్యాటిల్ ఎగ్రెట్ (పశువుల వెంట తిరిగే కొంగ) ముందు పెట్టిన గుడ్ల సొనలో ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు) ఎక్కువని 1997లో ష్వాబల్, మాక్, గీగ్ అనే పరిశోధకులు చూపించారు. అంటే పెద్దదానికి దుడుకుతనం గుడ్డులోనే అందుతోంది! మేత బాగా దొరికిన ఏడు చిన్నదీ బతుకుతుంది, లేకపోతే దాన్ని వదులుకుంటాయి.

ఇది అర్థమయ్యాక కాలనీ (గుంపుగా ఒకేచోట గూళ్లు కట్టుకోవడం) లాభనష్టాలు వాటంతటవే వచ్చేశాయి. పుల్లల దొంగతనం, రెట్టకు మాడే కొమ్మలు, మేత జాడ పక్కవాళ్లను చూసి పట్టడం (వార్డ్, జహావి అనే పరిశోధకులు 1973లో చెప్పింది) అన్నీ ఒక్క డయాగ్రమ్‌లో పెట్టా. పెద్ద పక్షులు పైకొమ్మల్లో, చిన్నవి కింద, అడుగున ఆటుపోటు నీళ్లు.

రెండు పేజీల టాపిక్‌కి ఇంత టైమా అని తోటివాళ్లు నవ్వారు. నవ్వనివ్వండి. రోజూ ఒక డయాగ్రమ్ నోట్సు చూడకుండా గీయలేనివాళ్లు స్ట్రాటజీ వీడియోలు ఎన్ని చూసినా దండగే. మూడ్ బాలేదు, టెన్షన్‌గా ఉంది అంటే పరీక్ష ఆగదు కదా.

ఇంటర్వ్యూలో భితర్‌కనికా (ఒడిశాలోని మడ అడవి) ప్రస్తావన వచ్చింది. మడచెట్ల మీద గూళ్లు, కింద మొసళ్లు. ఇది పక్షులకు నష్టం కాదా అని అడిగారు. మొసలి ఉన్న నీళ్లు దాటి చెట్టెక్కే జంతువులు తక్కువ, కిందపడేది చాలాసార్లు ఎలాగూ బతకని చిన్నపిల్లే, కాబట్టి బేరం పక్షికే లాభం అన్నాను. ఫ్లోరిడాలో ఎలిగేటర్లున్న చోటే కొంగలు గూళ్లు కట్టడానికి మొగ్గుచూపుతాయనీ చెప్పా. 'మరి గూడే కూలితే?' అన్నారు. 'అప్పుడు మొసలికే లాభం సార్' అన్నా. బోర్డంతా నవ్వింది, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.