పంచె మధ్యలో పట్టని నీలం

నీలిమందు అద్దకం తొట్టి ఈసారి భేషుగ్గా కుదిరింది. పైన రాగిరంగు మీగడ, కింద పసుపు కలిసిన పచ్చటి నీళ్లు, 45 డిగ్రీల వేడి, పీహెచ్ (క్షారగుణం కొలత) 10.5. ఇక పంచెదే తలనొప్పి!

స్టీలు సామాన్లకు పాతబట్టలు తీసుకునే ఆవిడ దగ్గర కొన్నానీ పంచె. "అచ్చం నూలే నాయనా" అంది. అంచు పోగు కాల్చి చూస్తే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. నూలే. సగం కత్తిరించి ఇతాజిమే చేశా, అంటే గుడ్డను త్రికోణాలుగా మడిచి, చెక్కల మధ్య బిగించి రంగులో ముంచే జపాన్ పద్ధతి. 3 నిమిషాలు ముంచడం, 15 నిమిషాలు గాలికి పెట్టడం, మొత్తం 6 మునకలు. చెక్కలు బిగించిన చోట తెలుపు కోసినట్టుగా వచ్చింది.

కానీ మధ్యలో జానెడు వెడల్పున ఒక పట్టీ మచ్చలు మచ్చలుగా, వెలిసిపోయిన బూడిద నీలంలో మిగిలింది. మడతల్లోకి రంగు చేరలేదనుకుందామంటే, అప్పుడు ప్రతి త్రికోణంలోనూ అదే చోట రావాలి. ఇది డిజైన్‌తో సంబంధం లేకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి సాగింది. గంజి ఏమో అని, రంగు వేయని సగంలో అదే వరస మీద అయోడిన్ చుక్క వేశా. నల్లబడలేదు. నీటిబొట్టు వేస్తే అసలు సంగతి తెలిసింది: మిగతా చోట 2 సెకన్లలో ఇంకిపోయింది, పట్టీ మీద 40 సెకన్లు గుండ్రంగా నిలబడింది. అదీ, అరకిలో గుడ్డను 50 గ్రాముల చాకలిసోడాతో గంటసేపు ఉడికించాక!

నూనె జిడ్డో, ఉతికినవాళ్లు వాడిన సాఫ్టెనరో అయ్యుండాలి. నా ఓటు జిడ్డుకే. మన శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపేది, పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదనే కదా. వాళ్లకు పనికొచ్చిన గుణమే నా కొంప ముంచింది.

తొట్టికి నీలిమందు 1, సున్నం 2, బెల్లం 3 పాళ్లు. బెల్లం బదులు ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) కొనడం డబ్బులు దండగ, చిత్తూరు బెల్లం చాలు. తళతళలాడే పసుపు బెల్లం మాత్రం వద్దు. తెల్లబరచడానికి అందులో హైడ్రోస్ కలిపే వాళ్లున్నారు; నీలిమందు తొట్టిలో చాలామంది వాడే ఆ రసాయనాన్నే మనం తప్పించుకోవాలనుకునేది. నల్లబెల్లం అడిగితే నాటుసారాకేమోనని కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు, చూడనీండి.

గుడ్డలో సెనగలు పెట్టి దారంతో కట్టి చేసిన కుమో (ముడులు కట్టి రంగు వేసే జపాన్ పద్ధతి) రుమాళ్లు మాత్రం బాగా వచ్చాయి.

మిగిలిన సగంలోంచి, పట్టీ అడ్డంగా వచ్చేలా 4 అంగుళాల పీలికలు కోస్తా. ఒకదానికి సోడా రెట్టింపు, ఒకదానికి ముందు గిన్నెల సబ్బు తర్వాత సోడా, ఇంకోటి రాత్రంతా వేడి సబ్బునీళ్లలో. బొట్టు 5 సెకన్లలోపు ఇంకితేనే తొట్టిలోకి. ఆ తర్వాత జంట నైలాన్ దారంతో కుట్టి మొకుమే (వరసలుగా కుట్టి, దారం లాగి బిగించి, చెక్క గీతల్లాంటి డిజైన్ తెచ్చే పద్ధతి) మొదలుపెట్టాలి; నూలుదారం లాగగానే పుటుక్కుమంటుంది, నాకు నమ్మకం లేదు.