సైకాలజీలో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ప్లాన్ ఎలా వేసుకోవాలి

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో సైకాలజీ చదివి, మూడో ఏడాదికి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాల్ స్టేట్‌కో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) మారాలంటే మూడు లెక్కలు విడివిడిగా చూసుకోవాలి. ఏఏ-టి అనే ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఒకటి. కాల్-గెట్సీ అనే జనరల్ ఎడ్యుకేషన్ పట్టిక రెండోది. మీరు వెళ్లాలనుకునే క్యాంపస్ ఆ మేజర్‌కి ముందే చదివి రమ్మనే కోర్సులు మూడోది. కాలేజీ చేతికిచ్చే డిగ్రీ షీటులో మొదటి రెండే కనిపిస్తాయి. అందుకే నేను ప్లాన్ ఆ షీటుతో మొదలుపెట్టకుండా అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌తో మొదలుపెట్టాను.

అందులో మీ కాలేజీ, వెళ్లాల్సిన క్యాంపస్, విద్యా సంవత్సరం, మేజర్ ఎంచుకుంటే రెండు వరుసలు వస్తాయి. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు. కుడివైపు 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్' అని ఉంటే మీ కాలేజీలో దానికి సాటి కోర్సు లేదన్నమాట. కంగారు పడక్కర్లేదు, మారిన తర్వాత అక్కడే చదువుకోవచ్చు. మూడు నాలుగు క్యాంపస్‌ల పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుంటే అందరూ అడిగేదేదో, ఒక్కరే అడిగేదేదో తెలిసిపోతుంది. ఇంట్రో సైకాలజీ, స్టాటిస్టిక్స్ దాదాపు అందరికీ కావాలి. తేడాలొచ్చేది బయాలజీ, మ్యాథ్స్, రీసెర్చ్ మెథడ్స్ దగ్గర.

ప్లాన్ దెబ్బతినేది ఎక్కువగా ఈ రీసెర్చ్ మెథడ్స్ దగ్గరే. ఇంట్రో, స్టాటిస్టిక్స్ రెండూ పాసైతేగాని ఇందులో సీటు ఇవ్వరు. చిన్న కాలేజీల్లో ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే పెట్టొచ్చు, అదీ ఒకటే సెక్షన్. 'మ్యాథ్స్ తర్వాత చూద్దాం' అని స్టాటిస్టిక్స్‌ని రెండో ఏడాదికి నెట్టేస్తే మొత్తం గొలుసు జారిపోతుంది, ఒక్కోసారి ఏడాదే పోతుంది. 2025 ఫాల్ నుంచి ఈ కోర్సుల నంబర్లు రాష్ట్రమంతటా ఒకటే అయ్యాయి: సైకాలజీ సి1000, స్టాటిస్టిక్స్ సి1000, ఇంగ్లిష్ సి1000. మీ కాలేజీలో సీటు దొరక్కపోతే పక్క కాలేజీలో తీసుకోవడం దీనితో సులువైంది. మొదటి సెమిస్టర్‌లో నేను పెట్టమనేది ఈ మూడూ, వీటికి తోడు ఒక ఎత్నిక్ స్టడీస్ కోర్సు. ఇంగ్లిష్‌దీ రెండు మెట్ల వ్యవహారమే. సి1000 అయ్యాకే క్రిటికల్ థింకింగ్ ఉండే సి1001.

కాల్-గెట్సీ అంటే 11 కోర్సులు, 34 యూనిట్లు (అంటే క్రెడిట్లు). ఇంగ్లిష్ రచన, క్రిటికల్ థింకింగ్, స్పీచ్ కలిపి మూడు, మ్యాథ్స్ ఒకటి, ఆర్ట్స్ ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి, సోషల్ సైన్సెస్ రెండు (అవి వేర్వేరు విభాగాల నుంచి ఉండాలి), ఫిజికల్ సైన్స్ ఒకటి, బయాలజీ ఒకటి, ఎత్నిక్ స్టడీస్ ఒకటి. సైన్సుల్లో ఒకదానికి ల్యాబ్ ఉండాలి. ప్రతిదాంట్లో కనీసం సి గ్రేడు రావాలి. యూనిట్లు మిగుల్చుకోవాలంటే ఒకే కోర్సుని రెండు చోట్ల లెక్కకి రప్పించుకోవాలి. ఇంట్రో సైకాలజీ అటు మేజర్‌కీ ఇటు సోషల్ సైన్సెస్‌కీ వస్తుంది. స్టాటిస్టిక్స్ మేజర్‌కీ మ్యాథ్స్‌కీ వస్తుంది. ల్యాబ్ ఉన్న బయాలజీ ఒక్కటి తీసుకుంటే బయాలజీ గడి, ల్యాబ్ గడి రెండూ నిండుతాయి, చాలా కాలేజీల్లో ఏఏ-టి జాబితాలో కూడా పనికొస్తుంది. రెండో సోషల్ సైన్స్‌గా అమెరికన్ గవర్నమెంట్, అంటే పొలిటికల్ సైన్స్ సి1000 తీసుకుంటే, కాల్ స్టేట్ పట్టా కోసం అడిగే అమెరికన్ రాజ్యాంగం నిబంధన కూడా తీరుతుంది. 2025 ఫాల్ కంటే ముందు చేరి చదువు మధ్యలో ఆపనివాళ్లు పాత ఐజెట్సీ పట్టికలోనే ఉండిపోవచ్చు.

మొత్తం కావాల్సినవి 60 సెమిస్టర్ యూనిట్లు. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ కాలేజీల్లో 90. ఒక క్వార్టర్ యూనిట్ సెమిస్టర్ యూనిట్‌లో మూడింట రెండొంతులే, కాబట్టి 4 యూనిట్ల క్వార్టర్ కోర్సు సెమిస్టర్ లెక్కలో 2.67 అవుతుంది. రెండు రకాల కాలేజీల్లోనూ చదివేవాళ్లకి చివర్లో ఒకటి రెండు యూనిట్లు తగ్గడానికి కారణం ఇదే. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్లు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి: ఫుల్‌టైమ్ అంటే సెమిస్టర్‌కి కనీసం 12 యూనిట్లు, అలా నాలుగు సెమిస్టర్లు చదివితే వచ్చేది 48. మిగతా 12 సమ్మర్లో చదవాలి, లేదా సెమిస్టర్‌కి 15 చొప్పున లాగాలి. సెమిస్టర్‌కి కావాల్సిన ఆ కనీసం 12లో ఆన్‌లైన్ క్లాసు ఒక్కదానికి మించి లెక్కలోకి రాదు.

ఫీజు రాష్ట్ర నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, మిగతావాళ్లకి దానికి ఎన్నో రెట్లు. ఇది మన తెలుగు కుటుంబాలకి బాగా తగిలే విషయం. హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలు రాష్ట్రంలో ఏడాదికి పైగా ఉంటే నివాస ఫీజు అడగొచ్చు, ఎఫ్-1 మీద ఎన్నేళ్లున్నా కుదరదు. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కి మారితే ఫీజూ మారుతుంది. కాబట్టి పుట్టినతేదీ చూసుకునే ప్లాన్ వేయాలి. ఇండియాలో డిగ్రీ మధ్యలో వదిలి వచ్చినవాళ్లు ఆ సబ్జెక్టులతో కాల్-గెట్సీ గడులు నింపవచ్చని ఆశపెట్టుకోకపోవడం మేలు. ఇంటర్‌కి యూనిట్లే రావు, అది హైస్కూల్ కిందే లెక్క.

ఏఏ-టి చేతిలో ఉంటే కాల్ స్టేట్ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, మీరు కోరుకున్న క్యాంపస్‌లోనే అని కాదు. యూసీలో ఏఏ-టికి ఆ హామీ లేదు. అక్కడ షరతులన్నీ తీరిస్తే సీటు ఖాయం చేసే ఒప్పందం పేరు ట్యాగ్: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, వీటిలో ఏదో ఒక్కదానికే వేసుకోవచ్చు. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇందులో లేవు. ట్యాగ్ గడువు సెప్టెంబరు 1 నుంచి 30 దాకా, అప్పటికే 30 సెమిస్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి. జీపీఏ ఎంతో క్యాంపస్, మేజర్ బట్టి ఉంటుంది. యూసీ పెట్టిన కనీసం 2.4, రాష్ట్రం బయటివాళ్లకి 2.8 అయినా, సైకాలజీకి ఆ అంకెతో పని జరుగుతుందని నేను ఎవరికీ చెప్పను. ట్యాగ్ వచ్చినా అదే క్యాంపస్, అదే మేజర్‌తో అక్టోబరు, నవంబరులో మామూలు అప్లికేషన్ విడిగా పెట్టాల్సిందే. అది పెట్టకపోతే ట్యాగ్ చెల్లదు.

కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ రిజిస్ట్రేషన్ వారంలో దొరకదు, సెమిస్టర్ మధ్యలో తీసుకోండి. అసిస్ట్ ప్రింటు పట్టుకెళ్లి, 'ఈ గడికి ఈ కోర్సు పనికొస్తుందా' అని అడిగితే పని అవుతుంది. 'ఏం తీసుకోమంటారు' అని అడిగితే చేతికొచ్చేది మళ్లీ ఆ డిగ్రీ షీటే.

సీటు వచ్చాక కూడా రెండు పనులు వాటంతటవి జరగవు: డిగ్రీకి పిటిషన్ పెట్టడం, కాల్-గెట్సీ సర్టిఫికేషన్ అడగడం. వసంత సెమిస్టర్‌లో కాలేజీ పెట్టిన గడువులోపు రెండూ పెట్టేయండి. గ్రేడ్లు పడ్డాక ఆఖరి ట్రాన్స్‌క్రిప్టు, చదివిన ప్రతి కాలేజీ నుంచీ, జులై 1 లోపు యూసీకి చేరాలి.