అహ్మదాబాద్ పాత ఊళ్లో ఒక పొద్దుటి నడక

అహ్మదాబాద్‌లో మీకు ఒక్క పూట ఖాళీ దొరికితే కారు మాట్లాడుకుని సబర్మతి ఆశ్రమం, అడాలజ్ మెట్లబావి, రివర్‌ఫ్రంట్ అంటూ నాలుగు చోట్ల దిగి ఫొటోలు తీసుకుని వచ్చేయకండి. అవి బాగోవని కాదు, ఆశ్రమం తప్పకుండా చూడాల్సిందే. కానీ ఆ ఊరు ఎలా బతికిందో, ఇప్పటికీ ఎలా బతుకుతోందో తెలియాలంటే మాత్రం పొద్దున్న ఎనిమిదింటికల్లా కాలూపూర్ స్వామినారాయణ గుడి దగ్గరికి వెళ్లి హెరిటేజ్ వాక్‌లో చేరిపోండి. మున్సిపల్ కార్పొరేషన్ 1997 నవంబర్ 19న మొదలుపెట్టిన నడక ఇది. గుడి దగ్గర మొదలై జామా మసీదు దగ్గర అయిపోతుంది. రెండున్నర గంటలు, అంతా కాలినడకే, ఎందుకంటే చాలా సందుల్లోకి ఆటో కూడా దూరదు.

మాది గుంటూరులో బట్టల కొట్టు. సరుకు కోసం బాబాయ్ ఏళ్ల తరబడి అహ్మదాబాద్ వస్తూనే ఉన్నాడు. ఆయనకి తెలిసిన అహ్మదాబాద్ అంటే స్టేషను, లాడ్జి, మస్కతీ మార్కెట్, న్యూ క్లాత్ మార్కెట్, లారీ ఆఫీసు, అంతే. మార్కెట్లో షాపులు పదకొండు దాటితే గానీ సరిగ్గా తెరవరు కాబట్టి అప్పటిదాకా లాడ్జిలో పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. ఈసారి నేనూ తోడు వెళ్లాను కదా అని బయల్దేరదీస్తే, "పాత ఇళ్లు చూడ్డానికి డబ్బులిచ్చి తిరగడమేంట్రా, మన పాత గుంటూరులో లేవా ఇళ్లు?" అన్నాడు. అయినా వచ్చాడు. రావడమే మంచిదైంది, ఎందుకంటే గైడ్ చెప్పిన వాటిలో సగం నాకు అర్థమైంది బాబాయ్ పక్కనుంచి చేసిన వ్యాఖ్యానం వల్లే.

గుడి దగ్గర ముందు కాసేపు స్లైడ్ షో వేసి ఊరి కథ చెప్తారు. 1411లో సుల్తాన్ అహ్మద్ షా కట్టించిన ఊరు, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది, మన దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి నగరం ఇదే. గుడి 1822 నాటిది, స్వామినారాయణ సంప్రదాయంలో కట్టిన మొదటి గుడి. స్తంభాలు, పైన దూలాలు, వాటి కింద ఆన్చిన బొమ్మలు అన్నీ టేకు చెక్కే, మీద గట్టి రంగులు. బాబాయ్ ఒక స్తంభం మీద వేలితో తట్టి చూసి "బర్మా టేకు" అన్నాడు. గైడ్ నవ్వి "అవును కాకా" అన్నాడు. అక్కడితో వాళ్లిద్దరికీ దోస్తీ కుదిరిపోయింది.

అసలు సంగతి గుడి దాటాక మొదలవుతుంది. పాత ఊరంతా పోళ్లు. పోల్ అంటే ఒకే వాకిలి ఉన్న పేట అనుకోండి. మొదట్లో ఒక్కో పోల్‌లో ఒకే కులం వాళ్లో, ఒకే వృత్తి వాళ్లో ఉండేవాళ్లు. రాత్రయితే వాకిలి మూసేసి కాపలావాడు పడుకునేవాడు. లోపలికి వెళ్లేకొద్దీ సందులు చీలుతూ, వంకర్లు తిరుగుతూ, ఇక దారి లేదనుకున్న చోట ఎవరో ఒకళ్ల ఇంటి పక్కనుంచి ఒక చీకటి సందు బయల్దేరి పక్క పోల్‌లో తేలుతుంది. అల్లర్లప్పుడు తప్పించుకోవడానికి పెట్టుకున్న దొంగదారులవి. గైడ్ మమ్మల్ని ఒక దాంట్లోంచి తీసుకెళ్లాడు, నాలుగడుగులు వేసేసరికి ఎటు నుంచి వచ్చామో నాకు తెలియలేదు. పోల్ వాకిట్లో గోడకి ఒక నల్లబల్ల ఉంటుంది. ఎవరు పోయారు, ఎవరింట్లో పురాణ కథ ఉంది, నీళ్లు ఎప్పుడు రావు, అన్నీ సుద్దముక్కతో రాసి పెడతారు. వాట్సాప్ గ్రూప్ కూడా ఉందట, అయినా బల్ల మీద రాయడం మానలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మ్యూజియంలో తిరిగినట్టు తిరగడానికి అవి ఖాళీ ఇళ్లు కావు. మేం పోతుంటే ఒకాయన వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు, ఒక పిల్ల స్కూలు టై కట్టించుకుంటూ మమ్మల్ని చూసి నాలుక బయటపెట్టింది. మెడలో కెమెరాలు వేసుకున్న ఇంతమంది రోజూ తమ గుమ్మం ముందు నుంచి పోతుంటే వీళ్లకి విసుగు రాదా అని నాకు కొంచెం మొహమాటంగానే ఉండింది. మా గుంపులో ఒకాయన ఎవరి ఇంట్లోకో ఫోను దూర్చి వీడియో తీస్తుంటే గైడ్ మర్యాదగానే ఆపించాడు. ఆ పని అతను చేయకపోతే నాకు ఈ నడక అంత నచ్చేది కాదు.

ప్రతి ఇంటి ముందూ అరుగు ఉంది, వాళ్లు ఓట్లో అంటారు. ఒక అరుగు మీద ఓ పెద్దావిడ పచ్చి కందికాయలు వలుస్తోంది. చలికాలం కదా, ఆ సీజన్‌లో అక్కడ ఏ ఇంట్లో చూసినా అవే. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే ఆవిడ మమ్మల్ని తేరిపార చూసి ఏ ఊరని అడిగింది. బాబాయ్ తన మార్కెట్ హిందీలో ఆంధ్ర అన్నాడు. "మిరపకాయలు!" అంది వెంటనే. గుంటూరు పేరు చెప్పకుండానే. బాబాయ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇళ్ల లోపల చౌక్ ఉంటుంది, మన మండువా ఇంటి నడిమి వాకిలి లాంటిదే, కానీ చాలా చిన్నది. ఒక ఇంటివాళ్లు లోపలికి రానిచ్చారు. చౌక్‌లో పరిచిన రాళ్ల మధ్య ఒక ఇత్తడి మూత, అది తీస్తే కింద చీకటి. దాన్ని టాంకా అంటారు. ఇంటి కింద కట్టిన నీళ్ల తొట్టి అది, పెద్ద గదంత ఉంటుందట. డాబా మీద పడ్డ వాన నీళ్లు గొట్టం వెంట దిగి ఇందులో చేరతాయి. తొలకరి వానకి డాబా కడిగి ఆ నీళ్లు బయటికి వదిలేసి, తర్వాత పడే వాన నీళ్లే లోపలికి పోనిస్తారు. వెలుతురు తగలదు కాబట్టి నాచు పట్టదు, ఏడాది పొడుగునా తాగొచ్చు. ఆ ఇంటాయన చెంబుతో తీసి ఇచ్చాడు. చల్లగా, ఏ రుచీ లేకుండా ఉన్నాయి. మన దగ్గర ఇంకుడు గుంత ప్లానులో చూపించి పర్మిషన్ వచ్చాక పూడ్చేసే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు, అందుకని ఆ మూత దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను.

నాలుగు సందులు కలిసిన చోట ఒకే స్తంభం మీద చెక్కడాలతో చిన్న గోపురం కనబడుతుంది. చబూతరో, పక్షులకి గింజలు వేసే చోటు. ఇళ్లు ఇరుక్కుని కట్టుకోవడంతో చెట్లకి చోటు లేకుండా పోయింది, పక్షులకి ఆశ్రయంగా ఇవి కట్టించారు. చలికి పావురాలన్నీ దాని మీదే ముడుచుకుని కూర్చున్నాయి.

దారిలో కవి దళపత్‌రామ్ ఇల్లు ఉండిన చోట ఆయన కంచు విగ్రహం అరుగు మీద కూర్చుని ఉంటుంది. పక్కన కూర్చుని ఫొటో దిగని వాళ్లు లేరు, మేమూ దిగాం. తర్వాత హాజా పటేల్ పోల్‌లో కాలా రామ్‌జీ గుడి. నల్లరాతి రాముడు, కూర్చున్న భంగిమ. రాముణ్ణి ఎక్కడైనా నిలబడే చూస్తాం, ఇలా కూర్చుని ఉండటం చాలా అరుదు అని గైడ్ చెప్తుండగానే బాబాయ్ అడ్డం తగిలాడు. "మా భద్రాచలంలోనూ కూర్చునే ఉంటాడయ్యా, సీతమ్మ ఒళ్లో ఉంటుంది." గైడ్ వెంటనే ఫోన్ తీసి ఫొటో వెతికి చూసుకున్నాడు, రేపటి గుంపుకి ఇది కూడా చెప్తానన్నాడు. చెప్తున్నాడో లేదో మీరెవరైనా వెళ్తే కనుక్కోండి.

రిలీఫ్ రోడ్డు మీదికి వచ్చేసరికి బాబాయ్ మనిషే మారిపోయాడు. అక్కడ కాలికో డోమ్ అని ఒకటి ఉండేది, కాలికో మిల్లు వాళ్ల షోరూము. గౌతమ్ సారాభాయ్, ఆయన చెల్లెలు గిరా సారాభాయ్ 1960ల్లో కట్టించారు. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ కట్టిన గుండ్రటి డోముల పద్ధతిలో పైన కప్పు, దాని కింద భూమిలోకి దిగే షాపు. మిల్లు మూతబడింది, కప్పు కూలింది. గైడ్ ఆర్కిటెక్చర్ గురించి చెప్తున్నాడు గానీ బాబాయ్‌కి అదేం పట్టలేదు. కాలికో తాన్లు వచ్చిన రోజు మా తాతయ్య కొట్టు ముందు జనం ఎలా నిలబడేవారో, ఆ గుడ్డ ఎన్ని ఉతుకులకి ఆగేదో మొదలుపెట్టాడు. నేను హిందీలోకి మార్చి చెప్పాను. గుంపంతా ఆయన చుట్టూ చేరి విన్నారు. 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ ఇక్కడ మొదటి మిల్లు నడిపించిన దగ్గర్నుంచి ఈ ఊరు నేసిన గుడ్డ దేశమంతా కట్టుకుంది. ఆ లెక్కన మా కొట్టు కూడా ఈ ఊరి చివరి సందే అనుకోవచ్చు.

ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో ఇంకో పావుగంటలో తెలిసింది. దోశీవాడా పోల్ దాటాక ఒక పాత హవేలీ. తలుపు చెక్కడాలు చూసి ఆగాం, లతలు, చిలకలు, ఒక్కో రేకూ విడివిడిగా. తలుపు తెరిచే ఉంది. లోపల చౌక్ కనబడలేదు, పైదాకా బేళ్లే, బట్ట బేళ్లు, పట్టీలు బిగించి. దగ్గర్లో ఉన్న బేలు మీద నల్ల సిరాతో విజయవాడ అని ఇంగ్లీషులో మార్కు. బాబాయ్ దాన్ని చదివి ఏం మాట్లాడలేదు. పిల్లలు కొత్త అహ్మదాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోతే ఇలాంటి ఇళ్లని గోడౌన్లకి అద్దెకిస్తారట. బరువుకి పై అంతస్తు నేల కుంగుతుంది, నాలుగు వానలకి గోడ చెమ్మ పడుతుంది, చివరికి చెక్కడాల తలుపు పాత సామాన్ల వ్యాపారికి పోతుంది. ఊరి వారసత్వం నాశనమవుతోందని గైడ్ బాధపడుతుంటే నేను తలూపలేకపోయాను, ఎందుకంటే మేం మధ్యాహ్నం బేరమాడబోయే సరుకు కూడా ఇలాంటి ఏదో ఇంట్లోంచే దిగుతుంది. ఇళ్లు బాగు చేయించుకునే వాళ్లకి కార్పొరేషన్ టీడీఆర్, అంటే వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు ఇస్తోంది, అది అమ్ముకుని రిపేరు ఖర్చు రాబట్టుకోవచ్చు. టీడీఆర్ బాండ్ల సంగతి మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర ఇల్లు కొట్టేసి రోడ్డుకి వదిలితే ఇచ్చేది, అక్కడ ఇల్లు నిలబెడితే కూడా ఇస్తున్నారు. ఈ ఒక్క విషయం నాకు బాగా నచ్చింది.

హర్‌కుంవర్ శేఠాణీ హవేలీ మాత్రం వీధిలోంచే కళ్లు తిప్పుకోనివ్వదు. దూలాల కింది ఆనుబొమ్మల్లో చైనా పోకడ ఉంటుంది, ఆ కుటుంబం అప్పట్లో చైనాతో వ్యాపారం చేసింది మరి. భర్త హఠీసింగ్ మొదలుపెట్టిన జైన దేరాసరాన్ని, అంటే గుడిని, ఆయన పోయాక 1848లో పూర్తి చేయించింది ఈవిడే. అక్కడి నుంచి ఫెర్నాండెజ్ వంతెన కిందికి దిగితే పుస్తకాల బజారు. స్కూలు పుస్తకాల మధ్య ఎర్రగుడ్డ అట్టలతో ఖాతా పుస్తకాలు, దీపావళికి వ్యాపారులు పూజ చేసి మొదలుపెట్టేవి. కంప్యూటర్లో బిల్లులేసే బాబాయ్ రెండు కొన్నాడు. దేనికంటే చెప్పడు. చాంద్లా ఓళ్‌లో బొట్టు బిళ్లలు, పెళ్లి సామాను, నేను పిన్నికి కొనబోతే "పదకొండయిపోతోంది" అని లాక్కుపోయాడు.

మానిక్ చౌక్ పొద్దున పూట ఆవులది. జనం గడ్డి కొని మేపి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. పగలంతా అక్కడ బంగారం, వెండి వ్యాపారం, రాత్రి తొమ్మిది దాటాక తిండి బళ్లు. దానికి పేరిచ్చిన మానిక్‌నాథ్ బాబా కథ ఒకటుంది. అహ్మద్ షా కోట గోడ కట్టిస్తుంటే బాబా పగలు చాప అల్లేవాడట, రాత్రి ఆ అల్లిక విప్పేసేవాడట, విప్పగానే పగలు కట్టిన గోడ కూలేదట. బాబాయ్‌కి ఈ కథ తెగ నచ్చేసింది, మూడు నాలుగు సార్లు చెప్పించుకున్నాడు.

జామా మసీదు 1424 నాటిది. మానిక్ చౌక్ గోలలోంచి గుమ్మం దాటగానే ఎదురుగా పెద్ద రాతి ఆవరణ, అవతల ప్రార్థన మంటపంలో 260 స్తంభాలు. దగ్గరికెళ్లి చూస్తే స్తంభాల మీద గుళ్లో కనబడే చెక్కడాలే, గంటలు, పూల హారాలు. ముందున్న రెండు మినార్లు 1819 భూకంపంలో కూలిపోయాయి, మొదళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. గైడ్ ఇక్కడే సెలవు తీసుకున్నాడు.

వెళ్లేవాళ్లకి: నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి, మే నెల ఎండకి ఆ రాళ్ల మీద చెప్పులు విప్పి నడవలేరు. విప్పాల్సి మాత్రం చాలాసార్లు వస్తుంది, కాబట్టి లేసులున్న బూట్లు వద్దు. స్కూటర్లు వెనక నుంచి చప్పుడు చేయకుండా వచ్చేస్తాయి, తల పైకెత్తి చెక్కడాలు చూసేటప్పుడు గోడవారగా నిలబడండి. టిఫిన్ ముందే చేసి వెళ్లొద్దు. మేం నడక అయ్యాక గాంధీ రోడ్డులో ఫాఫడా, జిలేబీ తిన్నాం, పక్కన సంభారో అనే పచ్చి బొప్పాయి తురుము, వేయించిన పచ్చిమిరపకాయలు. ఆ మిరపకాయలో కారమే లేదని బాబాయ్ ఫిర్యాదు. రెండో ప్లేటు మాత్రం ఆయనే చెప్పాడు, మేం మార్కెట్‌కి చేరేసరికి పన్నెండు దాటింది.